శాఖల జాబితాలు ఒకదానితో ఒకటి కలవాలంటే: నోడల్ అధికారి ఏం చేయాలి?

వ్యవసాయ శాఖ దగ్గర పంట వేసినవాళ్ల జాబితా, రెవెన్యూ దగ్గర పట్టాదారుల జాబితా, పౌర సరఫరాల దగ్గర రేషన్ కార్డులు, ఇంకో చోట పింఛన్లు. ఇవన్నీ కలిపి చూపించమని పైనుంచి ఆదేశం వస్తుంది. ఫైలు నాలుగు టేబుళ్లు తిరిగి మీ దగ్గరికి చేరేసరికి అందులో 'నోడల్ అధికారి', అంటే శాఖలన్నిటినీ కలిపి ఈ పని నడిపించాల్సినవారు, అని మీ పేరుంటుంది. అక్కడి నుంచి ఏం చేయాలో చెప్పడానికే ఇది. ప్రోగ్రామింగ్ రానవసరం లేదు. ఫోన్లు చేసే ఓపిక, మినిట్స్ రాసే అలవాటు ఉంటే చాలు. ఉదాహరణలు మన రెండు రాష్ట్రాలవే తీసుకున్నాను.

ఇలాంటి పని రాగానే చాలాచోట్ల మొదట జరిగేది ఓ కంపెనీని పిలిచి, అంకెలన్నీ ఒక్క తెర మీద చూపించే డాష్‌బోర్డ్ చేయమనడం. డాష్‌బోర్డ్ తొందరగానే వచ్చేస్తుంది. అందులోని అంకెలు మాత్రం ఏ శాఖ లెక్కతోనూ సరిపోవు. సమీక్షా సమావేశంలో అందరూ మీ వైపు చూస్తారు. సాఫ్ట్‌వేర్ కంటే ముందు తేలాల్సినవి రెండు: ఏ సమాచారం ఏ శాఖ బాధ్యత, ఆ కాలమ్‌లో రాసినదానికి అర్థమేమిటి. ఈ రెండూ కాగితం మీద తేలితే మిగతాది ఎన్ఐసీ (ప్రభుత్వ కంప్యూటర్ పనులు చూసే కేంద్ర సంస్థ) వాళ్లో, మీ ఐటీ టీమో చూసుకుంటారు.

1. ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి

"అన్ని శాఖల డేటా అనుసంధానం" అన్నది పని కాదు, శీర్షిక. దాని బదులు ఒక ప్రశ్న రాసుకోండి. ఉదాహరణకు: "మనిషి చనిపోయాక వారి పేరు మీద పింఛను, రేషన్ కోటా ఆగడానికి ఎన్ని రోజులు పడుతోంది?" లేదా "ఈ ఖరీఫ్‌లో పంట వేసి, సాయం అందనివాళ్లు ఎవరు?" ప్రశ్న రాసుకుంటే ఏ కాలమ్‌లు కావాలో దానంతటదే తేలుతుంది. ఒక్కో శాఖ దగ్గర డెబ్బై, ఎనభై కాలమ్‌లుంటాయి. మీకు కావాల్సినవి పదికి మించవు.

తక్కువ అడిగితే శాఖలు తొందరగా ఇస్తాయి కూడా. "మీ డేటా మొత్తం పంపండి" అని లేఖ రాసి చూడండి, ఆర్నెల్లు జవాబు రాదు.

2. ఏ సమాచారానికి ఎవరు యజమాని అన్న పట్టిక వేయండి

ఒక తెల్లకాగితం చాలు. మీకు కావాల్సిన ప్రతి కాలమ్‌కూ ఐదు వివరాలు రాయండి: ఆ సమాచారం మొదట ఎక్కడ పుడుతుంది, దాన్ని మార్చే అధికారం ఎవరిది, ఎన్నాళ్లకోసారి మారుతుంది, ప్రస్తుతం ఎన్ని శాఖలు దాన్ని విడివిడిగా రాసుకుంటున్నాయి, తప్పు కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి.

నియమం ఒకటే. ఒక సమాచారానికి ఒకే యజమాని. మిగతా శాఖలు చదువుకోవచ్చు కానీ దిద్దకూడదు. మరణ తేదీనే తీసుకోండి. పింఛన్ల వాళ్లు తమ సిబ్బంది చెప్పింది రాసుకుంటారు, రేషన్ వాళ్లు డీలర్ చెప్పింది రాసుకుంటారు, బ్యాంకు వాళ్లు నామినీ తెచ్చిన కాగితం చూస్తారు. యజమాని మాత్రం జనన మరణాల రిజిస్ట్రారే. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నమోదైన వివరాలు జాతీయ స్థాయి డేటాబేస్‌కు చేరాలి, ఓటర్ల జాబితా, రేషన్ కార్డుల వంటి వాటితో పంచుకునే వీలు కూడా కల్పించారు. కాబట్టి "మా దగ్గరున్న తేదీయే కరెక్ట్" అని ఏ శాఖైనా పట్టుబడితే చూపించడానికి మీ చేతిలో చట్టం ఉంది.

భూమి ఎవరి పేరున ఉందో చెప్పాల్సింది రెవెన్యూ: ఆంధ్రప్రదేశ్‌లో వెబ్‌ల్యాండ్, తెలంగాణలో 2020 నుంచి ధరణి, 2025 నుంచి దాని స్థానంలో భూభారతి. పొలంలో ఏ పంట ఉందో చెప్పాల్సింది వ్యవసాయ శాఖ. ఇవి తేలిగ్గానే కుదురుతాయి. తెగనిది ఫోన్ నంబరు. ప్రతి శాఖ దగ్గరా ఒకటి ఉంటుంది, ఏదీ పనిచేయదు. నా సలహా ఏమిటంటే దానికి యజమానిని వెతకొద్దు. ఏ తేదీన తీసుకున్న నంబరో పక్కన రాయించి, కొత్తదాన్ని వాడుకోండి.

ఎస్టోనియాలో శాఖల మధ్య సమాచారం ఎక్స్-రోడ్ అనే వ్యవస్థ ద్వారా 2001 నుంచి నడుస్తోంది. దాని సాఫ్ట్‌వేర్ గురించి అందరూ చెబుతారు. అంతకంటే గట్టిది వాళ్ల చట్టంలో ఉంది: ఒకే సమాచారం సేకరించడానికి రెండో డేటాబేస్ పెట్టడం అక్కడ నిషేధం. మన దగ్గర అలాంటి నిషేధం లేదు, అందుకే ఈ పట్టిక మీరు వేసుకోవాల్సి వస్తోంది.

పట్టిక పూర్తయ్యాక సమావేశం పెట్టి, హెచ్‌ఓడీల (శాఖాధిపతుల) సంతకాలు తీసుకోండి. మినిట్స్‌లో "పరిశీలించవలసినది" అన్న మాట రానివ్వకండి. ఏ కాలమ్, ఏ శాఖ, ఏ తేదీ నుంచి అని రాయాలి. మెమోకు బలం కావాలంటే కేంద్రం ఇచ్చిన పత్రాలున్నాయి: 2010 నాటి ఓపెన్ స్టాండర్డ్స్ విధానం, 2015లో వచ్చిన ఇంటరాపరబిలిటీ (వేర్వేరు వ్యవస్థలు కలిసి పనిచేయడం) ఫ్రేమ్‌వర్క్, అంతకుముందే వెలువడిన మెటాడేటా (డేటా గురించిన వివరాలు), డేటా ప్రమాణాలు. వాటి ప్రస్తావన ఉంటే ఆడిట్ వాళ్లు కూడా అడ్డు చెప్పరు.

3. ఊరి కోడ్ కుదర్చండి

సగం తలనొప్పి ఇక్కడే ఉంది. శాఖలు ఊళ్లను పేర్లతో కలుపుతాయి. పేరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది: అనంతపురం, అనంతపూర్, అనంతపురము. ఇది అందరికీ తెలిసిన సమస్యే. పేరు అదే ఉండి, లోపల ఊళ్లు వేరైపోతే ఇంకా ప్రమాదం. 'వరంగల్ జిల్లా' అంటే 2016 అక్టోబరుకు ముందు ఉమ్మడి వరంగల్. ఆ తర్వాత అది అర్బన్, రూరల్, ఇంకా వేరే జిల్లాలుగా విడిపోయింది. 2021లో అర్బన్‌ను హనుమకొండగా, రూరల్‌ను వరంగల్‌గా మార్చి, కొన్ని మండలాలను అటూ ఇటూ సర్దారు. ఇప్పుడు పదేళ్ల 'వరంగల్' అంకెలు వరసగా పెట్టి గ్రాఫ్ గీస్తే ఏమవుతుంది? జనం సగానికి పైగా మాయమైనట్టు కనిపిస్తుంది. తూర్పు గోదావరి కూడా అంతే: 2022 ఏప్రిల్ 4కు ముందు కేంద్రం కాకినాడ, ఆ తర్వాత రాజమహేంద్రవరం. పేరు ఒకటే, జిల్లాలు రెండు.

దీనికి కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ఉంది, అందరూ ఎల్‌జీడీ అంటారు. రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు, పంచాయతీ, అన్నిటికీ అందులో కోడ్‌లుంటాయి. రెవెన్యూ గ్రామానికి ఆరంకెల కోడ్. మీ శాఖలన్నీ తమ సొంత కోడ్ పక్కన ఈ కోడ్ రాసుకునేలా చేయండి. సొంత కోడ్ తీసేయమని అడగొద్దు. అడిగితే గొడవ, పైగా వాళ్ల పాత సాఫ్ట్‌వేర్ దానిమీదే నడుస్తుంటుంది. పక్కన ఒక కాలమ్ చేర్చమంటే ఎవరూ కాదనరు.

కోడ్ రాసినప్పుడు అది ఎవరి కోడో కూడా రాయాలి. ఎల్‌జీడీలో ఆంధ్రప్రదేశ్ 28, తెలంగాణ 36. జీఎస్టీ నంబర్లలో తెలంగాణ 36 అలాగే ఉంది, ఆంధ్రప్రదేశ్ మాత్రం 37. వాణిజ్య పన్నుల నుంచి వచ్చిన ఫైలునూ పంచాయతీరాజ్ ఫైలునూ రాష్ట్ర కోడ్‌తో కలిపితే తెలంగాణ చక్కగా కలుస్తుంది, ఆంధ్రప్రదేశ్ ఒక్క వరుస కూడా కలవదు. వాహనాల నంబర్లలో తెలంగాణ 2024లో టీఎస్ నుంచి టీజీకి మారింది, పాత బండ్ల మీద పాతదే ఉంది. 'రాష్ట్ర కోడ్' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే కుదరదు.

ఇంకో జాగ్రత్త. జిల్లా నంబరు, మండలం నంబరు, ఊరి నంబరు అంటించి ఒకే పొడవాటి కోడ్ తయారుచేసే అలవాటు చాలా శాఖలకు ఉంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ కుక్కునూరు సంగతి చూడండి. 2011 జనగణన నాటికి ఖమ్మం జిల్లా. 2014లో పోలవరం ముంపు మండలాలతో పాటు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి పశ్చిమ గోదావరిలో చేరింది. 2022లో ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. ఊరు ఉన్నచోటే ఉంది. కోడ్‌లో జిల్లా ఉంటే మాత్రం ఆ ఊరి ప్రతి రేషన్ కార్డుకూ, ప్రతి పింఛనుకూ రెండుసార్లు నంబరు మారాలి. ఊరికి కోడ్ ఒకటి ఉండాలి, ఆ ఊరు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ మండలంలో, ఏ జిల్లాలో ఉందో చెప్పే పట్టిక వేరే ఉండాలి. ఆ పట్టికలో 'నుంచి', 'వరకు' అనే రెండు కాలమ్‌లు ఉన్నాయో లేదో మీరే స్వయంగా చూడండి. ఐటీ వాళ్లు ఎక్కువగా మర్చిపోయేది అదే.

రెవెన్యూ గ్రామం, పంచాయతీ ఒకటి కావన్నది కూడా గుర్తుండాలి. తెలంగాణలో 2018లో చాలా తండాలు, గూడేలు విడి పంచాయతీలయ్యాయి, రెవెన్యూ గ్రామాలు మాత్రం పాతవే. భూమి లెక్కకు రెవెన్యూ గ్రామం కోడ్, పింఛను లెక్కకు పంచాయతీ కోడ్, రెంటినీ కలిపే పట్టిక వేరే. దాన్ని మండల స్థాయిలో తహసీల్దార్, ఎంపీడీవో ఎదురెదురుగా కూర్చుని తయారుచేయాల్సిందే, హైదరాబాద్‌లోనో అమరావతిలోనో కూర్చుంటే తేలదు.

4. అంకెలకు, మాటలకు అర్థం రాయించండి

పొలం విస్తీర్ణం కాలమ్‌లో 2.20 అని ఉంది. ఎంత?

గుంటూరులో అయితే రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి నూరు సెంట్లు కాబట్టి అది సరిగ్గా 2.20 ఎకరాలే. నల్గొండలో అయితే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. అదే అంకె, ముప్పై సెంట్ల తేడా. ఇక కూడికలు చేస్తే మరీ ఘోరం. 2.20, 1.30 కలిపితే కంప్యూటర్ 3.50 అంటుంది. గుంటల లెక్కలో అది నాలుగెకరాల పది గుంటలు. దానికి తోడు 2.10 అని టైప్ చేస్తే ఎక్సెల్ చివరి సున్నా తీసేసి 2.1 చూపిస్తుంది. అది పది గుంటలా, ఒక గుంటా? పహాణీ (రెవెన్యూ వాళ్ల భూమి, సాగు రికార్డు) తెలిసినవాళ్లు పది అంటారు, ఒక గుంటైతే 2.01 అని రాస్తారు కనుక. కొత్తగా చేరిన ఆపరేటర్‌కు ఆ సంగతి ఎవరు చెబుతారు?

కాబట్టి ఎకరాలు ఒక కాలమ్‌లో, గుంటలో సెంట్లో ఇంకో కాలమ్‌లో, ఏ కొలతో మూడో కాలమ్‌లో రాయించండి. పోల్చడానికి అన్నిటినీ చదరపు మీటర్లలోకి మార్చిన కాలమ్ ఒకటి పెట్టండి: ఎకరం 4,046.86, గుంట 101.17, సెంటు 40.47. పాత ఫైళ్లు గుంటల్లో ఉన్నాయో దశాంశాల్లో ఉన్నాయో తెలియకపోతే చుక్క తర్వాతి అంకెలు చూడండి. 39 దాటినవి తరచుగా కనిపిస్తే అది గుంటల లెక్క కాదు. అసలు అంకెను మాత్రం ఎప్పుడూ చెరపొద్దు, మార్చినదాన్ని పక్కన పెట్టండి.

సర్వే నంబర్లదీ ఇదే పాట. 45/అ అని తెలుగులో రాసింది ఒక చోట, ఇంగ్లిష్ అక్షరంతో రాసింది ఇంకో చోట, 45-1 అని వేరే చోట. ఏ ఉపవిభాగానికి ఏ గుర్తో రెవెన్యూ వాళ్లతో రాయించుకోండి, మీరు ఊహించొద్దు.

మాటల దగ్గరకొస్తే, 'రైతు' అంటే ఎవరు? తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకు ఇచ్చారు, కౌలు రైతుకు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు చూసేది సాగు చేస్తున్నదెవరని. రెండు జాబితాలూ 'రైతులు' అనే పేరుతోనే వస్తాయి. రెండూ సరైనవే, ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని తప్పనలేం. 'కుటుంబం' కూడా అంతే. పీఎం కిసాన్‌లో కుటుంబమంటే భార్య, భర్త, మైనర్ పిల్లలు. రేషన్ కార్డులో అత్తామామలూ, పెళ్లికాని ఆడపడుచూ ఉంటారు. ఈ రెంటినీ 'కుటుంబాల సంఖ్య' అని పక్కపక్కన పెట్టి ఎక్కువ తక్కువలు చూపించే స్లైడ్ మీ ముందుకొస్తే పక్కన పెట్టేయండి.

ఒక్కో మాటకు రెండు మూడు వాక్యాల నిర్వచనం, ఏ జీవో ప్రకారమో, ఒక ఉదాహరణ, లెక్కలోకి రానివాళ్లకు ఒక ఉదాహరణ. ఇంతే నిఘంటువు. రెండు పేజీలు దాటితే ఎవరూ చదవరు.

5. పేర్లు, తేదీలు, తెలుగు అక్షరాలు

తోట వెంకటలక్ష్మి అనే ఆవిడ ఉందనుకుందాం. పదో తరగతి సర్టిఫికెట్‌లో తోట వెంకటలక్ష్మి. ఆధార్‌లో వెంకటలక్ష్మి తోట. బ్యాంకులో టీ.వీ. లక్ష్మి. రేషన్ కార్డులో పెళ్లయ్యాక అత్తింటి పేరుతో వేరే లక్ష్మి. ఇంగ్లిష్‌లో లక్ష్మిని ఎక్స్ పెట్టి రాసేవాళ్లు కొందరు, కె-ఎస్-హెచ్ పెట్టి రాసేవాళ్లు కొందరు. ఇవేవీ తప్పులు కావు, మోసాలు అంతకంటే కావు.

పేరును 'ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్' అని రెండుగా విరగ్గొట్టే ఫారాలను ఒప్పుకోకండి. మన ఇంటిపేరు ముందొస్తుంది, ఫారం నింపేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కోలా నింపుతారు. పూర్తి పేరు ఒకే కాలమ్‌లో, పత్రంలో ఉన్నది ఉన్నట్టు. కావాలంటే ఇంటిపేరు విడిగా ఇంకో కాలమ్. తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి, రెండూ మనుషులు రాసినవే. ఇంగ్లిష్ నుంచి మెషిన్‌తో తెలుగులోకి మారిస్తే తోట కాస్తా థోట అవుతుంది. ఆ పేరుతో పట్టాదారు పాస్‌బుక్ అచ్చయితే దాన్ని దిద్దించుకోవడానికి ఆ మనిషి ఎన్నిసార్లు తిరగాలో మీకు తెలిసిందే.

తెలుగు డేటా యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల కోడ్‌లోనే ఉండాలి. కేంద్రం 2009లోనే దీన్ని ప్రమాణంగా ప్రకటించింది. అయినా డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టించిన పాత జాబితాలు బీరువాల్లో, పెన్‌డ్రైవుల్లో ఇంకా ఉన్నాయి. అవి వేరే కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు. మార్చే టూల్స్ ఉన్నాయి, వాడండి. మార్చాక ఒత్తులు, క్షకారం, సంయుక్తాక్షరాలు ఉన్న పేర్లు ఓ వంద తీసి చేత్తో సరిచూడండి. చూపుకు ఒకేలా ఉండి కంప్యూటర్‌కు వేరుగా అనిపించే పేర్లూ ఉంటాయి, మధ్యలో కనపడని అక్షరం ఇరుక్కుని. పోల్చే ముందు అలాంటివాటిని తీసేయమని ఐటీ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి.

పుట్టినతేదీ 1 జనవరి అని ఉన్న పెద్దవాళ్లు మీ జాబితాలో వందల్లో కనిపిస్తారు. వాళ్లకు సంవత్సరం మాత్రమే తెలుసు, మిగతాది సిస్టమ్ నింపింది. అందుకని తేదీ పక్కన 'పత్రంతో ధ్రువీకరించినది, చెప్పినది, అంచనా' అని మూడింటిలో ఏదో గుర్తించే కాలమ్ పెట్టండి. పింఛను వయసు దగ్గర ఇది తప్పనిసరి.

6. ఫైలు పంపుకోవడం

ఏపీఐలతో, అంటే కంప్యూటర్లు నేరుగా ఒకదాన్నొకటి డేటా అడిగి తెచ్చుకునే ఏర్పాటుతో మొదలుపెట్టొద్దు. ముందు నెలకోసారి మామూలు ఫైలు సక్రమంగా వెళ్లి, సక్రమంగా చేరేలా చూడండి. అది మూడు నెలలు గొడవ లేకుండా నడిస్తే అప్పుడు ఏపీఐ సేతు లాంటి ప్రభుత్వ వేదికల గురించి ఆలోచించవచ్చు. చెత్త డేటా నెలకోసారి వచ్చే బదులు క్షణానికోసారి వస్తే లాభమేంటి?

ఎక్సెల్‌తో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండి. సర్వే నంబరు 10-2 అని కొడితే అది ఫిబ్రవరి 10 చేసేస్తుంది. ఆధార్ నంబరును 4.56ఇ+11 లాగా చూపిస్తుంది. నంబరు మొదట్లో ఉన్న సున్నాలు ఎగరగొడుతుంది. పదహారంకెల బ్యాంకు ఖాతా అయితే పదిహేను అంకెలే గుర్తుంచుకుని చివరిది సున్నా చేస్తుంది, ఇక ఆ డబ్బు ఎక్కడికి పోవాలి? నంబర్లన్నీ 'టెక్స్ట్'గానే ఉండాలి. ఫైలు యూటీఎఫ్-8 సీఎస్‌వీగా, అంటే యూనికోడ్ అక్షరాలతో, కాలమ్‌ల మధ్య కామాలు పెట్టిన మామూలు టెక్స్ట్ ఫైలుగా పంపాలి. వచ్చిన ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరిచి సేవ్ చేయకూడదు, డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసి, కాలమ్‌లను టెక్స్ట్ అని ఎంచుకోవాలి. తేదీ ఎప్పుడూ సంవత్సరం-నెల-రోజు వరసలో: 2026-06-05. లేకపోతే 5 జూనో 6 మేనో ఎవరికీ తెలియదు.

ప్రతి ఫైలుతో పాటు చిన్న చీటీ లాంటి రెండో ఫైలు వెళ్లాలి: మొత్తం వరుసలు ఎన్ని, మొత్తం విస్తీర్ణమో, మొత్తం డబ్బో ఎంత, ఏ తేదీ నాటి సమాచారం, పంపినవాళ్ల హోదా. అందుకున్నవాళ్లు లెక్కపెట్టి సరిపోయిందని జవాబివ్వాలి. సరిపోని వరుసలు కారణంతో సహా తిరిగి యజమాని శాఖకే వెళ్లాలి. అందుకున్నవాళ్లు తమ దగ్గరే దిద్దుకుంటే వచ్చే నెల అదే తప్పు మళ్లీ వస్తుంది.

7. ఆధార్, చట్టం

ఆధార్ నంబరును ప్రతి ఫైలులోనూ తిప్పకండి. ఆధార్ సంస్థ యూఐడీఏఐ 2017లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఆ నంబర్లు ఆధార్ డేటా వాల్ట్ అనే భద్రమైన చోట విడిగా ఉండాలి, మిగతా చోట్ల దానికి బదులు రిఫరెన్స్ కీ అనే మారు నంబరు వాడాలి. వాట్సాప్ గ్రూపులో లబ్ధిదారుల జాబితా పెట్టే అలవాటు మీ మండలాల్లో ఉంటే ఈ రోజే ఆపించండి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. పథకాలు, సబ్సిడీల కోసం ప్రభుత్వానికి అందులో కొంత వెసులుబాటు ఉంది. అయినా ఏ శాఖ నుంచి ఏ శాఖకు, ఏ పనికి, ఎన్నాళ్లు ఉంచుకోవడానికి డేటా ఇస్తున్నారో ఒక పేజీ ఒప్పందం రాసి ఫైలులో పెట్టండి. మొదటి అడుగులో రాసుకున్న ప్రశ్నే ఆ ఒప్పందంలో మొదటి వాక్యం.

8. జాబితాలు కలపడం

ఇప్పుడు అసలు పని. ఫలితాలను మూడు కుప్పలు చేయండి: ఖాయంగా ఒకే మనిషి, ఖాయంగా వేరే మనిషి, తెలియదు. మూడో కుప్ప పెద్దగా ఉంటుంది, ఉండనివ్వండి. దాన్ని చిన్నది చేసి చూపించాలన్న తొందరలోనే నష్టం జరుగుతుంది.

ఆధార్ పన్నెండో అంకె మిగతా పదకొండింటినీ సరిచూసే అంకె. నంబరు సున్నాతో కానీ ఒకటితో కానీ మొదలవదు. ఈ రెండు తనిఖీలతో టైపింగ్ తప్పులు చాలావరకు దొరికిపోతాయి. కానీ సరైన నంబరే వేరే మనిషికి తగిలించి ఉంటే ఇవి పట్టుకోలేవు. ఆంధ్రప్రదేశ్‌లో పథకాల అర్హతకు ఆరంచెల తనిఖీ పెట్టినప్పుడు అందులో కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటకూడదనేది ఒకటి, నాలుగు చక్రాల వాహనం ఉండకూడదనేది ఇంకొకటి. విద్యుత్ సంస్థ దగ్గర మీటరు ఇంటి ఓనరు బదులు అద్దెకున్నవాళ్ల ఆధార్‌కు ముడిపడి ఉంటే? నాలుగు పోర్షన్ల కరెంటంతా ఒక్క ఇంటి ఖాతాలో పడుతుంది. ఆ కుటుంబం ఏ ఆఫీసుకు వెళ్లాలి? గ్రామ, వార్డు సచివాలయం వాళ్లు విద్యుత్ ఆఫీసుకు వెళ్లమంటారు, వాళ్లు మళ్లీ సచివాలయానికే పంపుతారు. మీ పట్టికలో 'తప్పుంటే ఎవరికి ఫోన్ చేయాలి' అన్న కాలమ్ పెట్టించింది ఇందుకే.

కంప్యూటర్ కలిపిందన్న ఒక్క కారణంతో ఎవరి సాయమూ ఆపకూడదు. ఇందులో మొహమాటం అక్కర్లేదు. తెలంగాణలో నోటీసు ఇవ్వకుండా, కంప్యూటర్ జల్లెడ ఆధారంగా రేషన్ కార్డులు రద్దు చేశారన్న పిటిషన్‌పై 2022లో సుప్రీంకోర్టు, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ తనిఖీ చేయమంది. అంత పని రెండుసార్లు చేసే బదులు మొదటిసారే ఇంటికి మనిషిని పంపడం చవక. అనుమానం వచ్చిన పేరుకు ముందు నోటీసు, ఏ శాఖ రికార్డు వల్ల అనుమానం వచ్చిందో అందులో తెలుగులో రాసి ఉండాలి, జవాబుకు గడువు, ఆ తర్వాతే నిర్ణయం. నిర్ణయం మీద సంతకం చేసే మనిషి ఉండాలి.

కొత్తగా అర్హులైనవాళ్లను వెతకడానికి కూడా ఇదే జాబితా వాడండి. తీసేయడానికి మాత్రమే డేటా కలుపుతున్నారని ఊళ్లో తెలిస్తే తర్వాతి సర్వేకు ఎవరూ నిజం చెప్పరు.

9. మార్పులు వచ్చినప్పుడు

కొత్త మండలం ఏర్పడుతుంది, పేరు మారుతుంది, శాఖ రెండుగా చీలుతుంది. జీవో వచ్చిన రోజే ఎల్‌జీడీలో మార్పు ఎవరు ఎక్కించాలో ముందే తేల్చి పెట్టుకోండి. దానికి జీవో వివరాలు, అమల్లోకి వచ్చే తేదీ కావాలి. అది ఎక్కేలోపు ఆగలేక ఏ శాఖైనా సొంత కోడ్ పుట్టిస్తే ఆ కోడ్ ఇక చావదు.

ఇప్పుడొక మంచి సమయం ఉంది. 2027 జనగణన కోసం జిల్లాలు, మండలాలు, ఊళ్ల సరిహద్దులను 2025 డిసెంబరు 31 నాటికి ఉన్నవి ఉన్నట్టు స్థిరపరిచారు. జనగణన ముగిసేదాకా వాటిని కదిలించే వీల్లేదు. ఊరి కోడ్‌ల పట్టికను శుభ్రం చేసుకోవడానికి ఇంతకంటే వీలైన రోజులు దొరకవు, మూడో అడుగు పని ఇప్పుడే ముగించండి.

కంపెనీకి ఇచ్చే టెండర్లలో మూడు షరతులు చేర్చండి. డేటా మొత్తం ఎప్పుడడిగితే అప్పుడు, నిఘంటువుతో సహా, మామూలు సీఎస్‌వీలో ఇవ్వాలి. ఎల్‌జీడీ కోడ్ కాలమ్ తప్పనిసరి. ఇంకో శాఖతో కలపడానికి విడిగా బిల్లు వేయకూడదు. మూడోది చూసి వాళ్లు ప్రీ-బిడ్ మీటింగ్‌లో గొణుగుతారు. కాంట్రాక్టు కుదిరాక ఏమైనా అడగబోతే అది అదనపు పని అవుతుంది కాబట్టి ఆ మీటింగ్‌లోనే తేల్చుకోండి. మీరు బదిలీ అయ్యే ముందు యజమానుల పట్టిక, నిఘంటువు, ఒప్పందాలు, ఈ మూడూ మీ పేరు మీద కాకుండా హోదా పేరు మీదున్న ఈమెయిల్‌లో, ఆఫీసు ఫైలులో ఉన్నాయో లేదో చూసుకోండి.